మాట కూడా మందే

పాఠ్యభాగ ఉద్దేశం

వైద్యశాస్త్రం యంత్రాల సాయంతో ఎంతో పురోగమించింది. శరీరాన్ని కోయకుండానే లోపలి అవయవాలను చూడగలిగే స్థితికి చేరింది. అయితే యంత్రం కింద పడుకున్న మనిషి మనసులోని భయాన్ని ఏ యంత్రమూ తొలగించలేదు. ఆ పని మాట చేయగలదా? చేయగలిగితే దానిని శాస్త్రీయంగా నిరూపించడం ఎలా? ఈ ప్రశ్నలకు సమాధానం వెదికిన ఒక రేడియాలజిస్టు కృషిని పరిచయం చేయడం, శాస్త్రీయ దృష్టి, మానవీయ దృష్టి పరస్పర విరుద్ధాలు కావని విద్యార్థులు గ్రహించేలా చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ అనే భౌతికశాస్త్ర ఆచార్యులు తమ ప్రయోగశాలలో ఒక వింతను గమనించారు. నల్లని అట్టతో కప్పిన గాజుగొట్టం నుండి కంటికి కనిపించని కిరణాలు ఏవో వెలువడి, కొంత దూరంలో ఉన్న రసాయనపు పూతగల తెరను వెలిగిస్తున్నాయి. వాటి స్వభావం తెలియదు కనుక, గణితంలో తెలియని రాశిని సూచించే అక్షరంతో వాటికి ‘ఎక్స్’ కిరణాలని పేరు పెట్టారు. ఆ సంవత్సరం డిసెంబరులోనే తమ భార్య చేతిని ఆ కిరణాలతో చిత్రించారు. ఆ చిత్రంలో చేతి ఎముకలూ, వేలికున్న ఉంగరమూ స్పష్టంగా కనిపించాయి. మనిషి బ్రతికి ఉండగానే అతని అస్థిపంజరాన్ని చూడగలగడం లోకాన్ని ఆశ్చర్యంలో ముంచింది. 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి రాంట్‌జెన్‌కే లభించింది.

అది మొదలు శరీరాంతర్భాగాలను చిత్రించే విద్య అంచెలంచెలుగా పెరిగింది. 1971లో ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. యంత్రం తొలిసారిగా ఒక రోగి మెదడును పొరలు పొరలుగా చూపింది. అయస్కాంత క్షేత్రంతో పనిచేసే ఎం.ఆర్.ఐ. విధానానికి పునాదులు వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి దక్కింది. ఈ చిత్రాలను చదివి, రోగమేమిటో నిర్ణయించే వైద్యుని రేడియాలజిస్టు అంటారు. తెలుగువారికి ఈ మాట వినగానే డాక్టర్ కాకర్ల సుబ్బారావు గుర్తుకు వస్తారు. కృష్ణాజిల్లా పెదముత్తేవిలో 1925లో జన్మించి, హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా సేవలందించి, 2000లో పద్మశ్రీ పురస్కారం అందుకుని, 2021లో కన్నుమూసిన ఆయన ప్రఖ్యాత రేడియాలజిస్టు.

రేడియాలజిస్టు పని చాలాకాలం చీకటి గదిలో కూర్చుని ఫిల్ములను పరిశీలించడానికే పరిమితమై ఉండేది. రోగిని ముట్టుకుని చికిత్స చేసే అవసరం అతనికి అంతగా ఉండేది కాదు. ఈ స్థితిని మార్చినవారిలో అమెరికాకు చెందిన చార్లెస్ డాటర్ ముఖ్యులు. 1964 జనవరిలో ఎనభై రెండేళ్ల వృద్ధురాలు ఒకరు పోర్ట్‌లండ్ నగరంలోని ఆసుపత్రికి వచ్చారు. తొడలోని రక్తనాళం ఇరుకైపోవడం వల్ల ఆమె పాదం కుళ్లిపోసాగింది. కాలు తీసివేయక తప్పదని శస్త్రవైద్యులు చెప్పారు. ఆమె అందుకు అంగీకరించలేదు. అప్పుడు డాటర్, ఎక్స్‌రే తెరపై దారి చూసుకుంటూ, సన్నని గొట్టాన్ని ఆమె రక్తనాళంలోనికి పంపి ఇరుకైన చోటును వెడల్పు చేశారు. పాదానికి రక్తం పారింది. ఆమె కాలు నిలిచింది. ఆ తరువాత జీవించిన రెండున్నరేళ్లూ ఆమె తన కాళ్లపైనే నడిచారు. చూసే వైద్యుడు చికిత్స చేసే వైద్యుడైనాడు. సూదిమొన అంత గాటుతో రక్తనాళాలను తెరవడం, మూత్రపిండాల అడ్డంకులను తొలగించడం, కణితులకు రక్తం అందకుండా చేయడం వంటి పనులన్నీ క్రమంగా ఈ శాఖలో చేరాయి. దీనినే ఇంటర్వెన్షనల్ రేడియాలజీ అంటున్నారు.

ఈ పద్ధతి రోగులకు మహోపకారం చేసింది. పెద్ద కోత లేదు. చాలా రోజులు ఆసుపత్రిలో పడి ఉండవలసిన పని లేదు. అయితే దీనితోపాటు ఒక కొత్త సమస్య కూడా తలెత్తింది. పెద్ద శస్త్రచికిత్సలో రోగికి పూర్తిగా మత్తు ఇస్తారు. అతనికి ఏమి జరుగుతున్నదో తెలియదు. ఇక్కడ అలా కాదు. గాటు వేసే చోట మాత్రమే తిమ్మిరి మందు ఇస్తారు. రోగి మేలుకునే ఉంటాడు. చల్లని గదిలో, కఠినమైన బల్లపై, కదలకుండా గంటకు పైగా పడుకోవాలి. చుట్టూ ముసుగులు ధరించిన మనుషులు, యంత్రాల చప్పుళ్లు, అర్థం కాని మాటలు. తన శరీరంలో ఏదో పాకుతున్నదన్న భావన. భయం పెరిగినకొద్దీ గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు మారుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, నొప్పి రెట్టింపుగా తోస్తుంది. భయాన్ని అణచడానికి నరాల ద్వారా శాంతపరిచే మందులూ, నొప్పిని తగ్గించే మందులూ ఇస్తారు. అవి అవసరమే. కానీ మోతాదు ఏమాత్రం హెచ్చినా శ్వాస మందగిస్తుంది, రక్తపోటు పడిపోతుంది. వృద్ధులకూ, బలహీనులకూ ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

సరిగ్గా ఈ సమస్యనే తన జీవితకాల పరిశోధనకు విషయంగా స్వీకరించిన రేడియాలజిస్టు డాక్టర్ ఎల్విరా లాంగ్. ఆమె అమెరికాలోని బోస్టన్ నగరంలో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యకేంద్రంలో ఇంటర్వెన్షనల్ రేడియాలజీ విభాగానికి అధిపతిగా, హార్వర్డ్ వైద్యకళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేశారు. ఆమె చేతిలో ఉన్నవి సూది, తీగ, గొట్టం, ఎక్స్‌రే తెర. వాటితోపాటు రోగి మనసును కూడా చికిత్సలో భాగస్వామిని చేయవచ్చునా అని ఆమె ఆలోచించారు. ప్రధాన వైద్యవిధానాన్ని విడిచిపెట్టకుండా, దానికి తోడుగా, మేలు చేస్తాయని రుజువైన ఇతర పద్ధతులను కూడా కలుపుకొని, రోగిని మనసూ శరీరమూ కలిసిన ఒక సంపూర్ణ వ్యక్తిగా భావించి చేసే వైద్యాన్ని సమీకృత వైద్యం అంటారు. ధ్యానం, యోగం, ఆక్యుపంక్చర్, సమ్మోహనం మొదలైనవి ఇందులో పరిశీలనకు వచ్చిన పద్ధతులు. వీటిలో లాంగ్ ఎన్నుకున్నది సమ్మోహనం, అనగా హిప్నాసిస్.

సమ్మోహనమన్న మాట వినగానే రంగస్థలంపై గడియారం ఊపుతూ ప్రేక్షకులను ఆడించే ఐంద్రజాలికుడు చాలామందికి స్ఫురిస్తాడు. ఆ అభిప్రాయం సరైనది కాదు. వైద్యంలో దీని చరిత్ర వేరు. పందొమ్మిదవ శతాబ్దం నడిమికాలంలో జేమ్స్ బ్రెయిడ్ అనే శస్త్రవైద్యుడు దీనికి నేటి పేరును ప్రచారంలోనికి తెచ్చారు. ఆ కాలంలోనే మన దేశంలో కూడా ఒక ముఖ్య ఘట్టం జరిగింది. 1845లో బెంగాలులోని హుగ్లీలో పనిచేస్తున్న స్కాట్లండు వైద్యుడు జేమ్స్ ఎస్డేల్, అప్పట్లో మెస్మరిజం అని పిలిచే విధానంతో రోగులను నిశ్చల స్థితికి తెచ్చి శస్త్రచికిత్సలు చేశారు. ఇంతలో 1846లో ఈథరు, 1847లో క్లోరోఫారం మత్తుమందులుగా వాడుకలోనికి వచ్చాయి. అవి త్వరగానూ, నమ్మకంగానూ పనిచేయడంతో మాటల విద్య మరుగున పడింది. నిజానికి సమ్మోహనమంటే నిద్ర కాదు. మరొకరికి దాసోహం కావడమూ కాదు. ఒకే విషయంపై గాఢంగా ఏకాగ్రత నిలిపి, చుట్టూ జరుగుతున్నదానిని తాత్కాలికంగా దూరం పెట్టే స్థితి అది. మంచి పుస్తకంలో లీనమైన పాఠకునికి పక్కనున్నవారి పిలుపు వినిపించకపోవడం ఇటువంటిదే.

లాంగ్ అనుసరించిన పద్ధతి మిక్కిలి సరళమైనది. చికిత్స జరిగే బల్ల దగ్గరే, అప్పటికప్పుడే, అందుకు శిక్షణ పొందిన సహాయకులు రోగికి కొన్ని వాక్యాలు చదివి వినిపిస్తారు. కనుగుడ్లను పైకి తిప్పి, నెమ్మదిగా కనురెప్పలు మూసి, దీర్ఘంగా శ్వాస తీసుకొమ్మంటారు. శరీరం తేలికగా తేలుతున్నట్లు భావించమంటారు. తనకు ఇష్టమైన, క్షేమంగా తోచే ఒక చోటును మనసులో చూడమంటారు. ఒకరికి అది సముద్రతీరం, మరొకరికి సొంత ఇంటి వాకిలి కావచ్చును. ఆ చోటును రోగియే ఎన్నుకుంటాడు. ఎక్కడైనా అసౌకర్యం తోస్తే, అక్కడ చల్లదనాన్నో, వెచ్చదనాన్నో, తిమ్మిరినో ఊహించుకోమంటారు. ఇందులో రహస్యం ఏదీ లేదు. రోగి తనను తాను ఆ స్థితిలోనికి తీసుకువెళ్తాడు. కనుక దీనిని స్వీయ సమ్మోహన విశ్రాంతి అన్నారు. చికిత్స ఆగదు, వైద్యుని చేయి తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

ఈ పద్ధతి బాగుందని చెప్పడం తేలిక. రుజువు చేయడమే కష్టం. ఓదార్పు పొందిన రోగి కృతజ్ఞతతో బాగుందని అంటాడు. తన పద్ధతిపై మమకారం గల వైద్యుడూ అదే అంటాడు. ఈ రెండు సాక్ష్యాలూ శాస్త్రానికి చాలవు. అందువల్ల లాంగ్, అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులతోనూ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనోవైద్యుడు డేవిడ్ స్పీగెల్‌తోనూ కలిసి ఒక పరీక్ష నిర్వహించారు. దాని ఫలితాలు 2000లో ‘లాన్సెట్’ అనే ప్రసిద్ధ వైద్యపత్రికలో వెలువడ్డాయి. రక్తనాళాలకు, మూత్రపిండాలకు సంబంధించిన చికిత్సలకు వచ్చిన 241 మందిని, ఎవరి ఇష్టాయిష్టాలకూ తావు లేకుండా, లాటరీ వేసినట్లుగా మూడు వర్గాలుగా విభజించారు. మొదటి వర్గంలోని 79 మందికి మామూలు పద్ధతిలోనే చికిత్స జరిగింది. రెండవ వర్గంలోని 80 మంది పక్కన ఒక సహాయకుడు ఉండి, వారి మాటలు శ్రద్ధగా విని, కోరికలకు వెంటనే స్పందించాడు. మూడవ వర్గంలోని 82 మందికి ఈ శ్రద్ధతోపాటు స్వీయ సమ్మోహన విశ్రాంతిని కూడా నేర్పారు. మూడు వర్గాలవారికీ, కావాలనుకున్నప్పుడు మందు కోరి పొందే వీలు కల్పించారు. ప్రతి పదిహేను నిమిషాలకూ నొప్పిని, ఆందోళనను సున్నా నుండి పది వరకు అంకెలలో చెప్పమన్నారు.

ఫలితాలు స్పష్టంగా వచ్చాయి. మొదటి రెండు వర్గాలలో సమయం గడిచినకొద్దీ నొప్పి పెరుగుతూ పోయింది. మూడవ వర్గంలో మాత్రం అది పెరగకుండా నిలకడగా ఉంది. మందుల వాడకం మామూలు చికిత్స పొందినవారిలో సగటున 1.9 మోతాదులు కాగా, శ్రద్ధ పొందినవారిలో 0.8, సమ్మోహన విశ్రాంతి పొందినవారిలో 0.9. రక్తపోటు, గుండె వేగం అదుపు తప్పినవారు మొదటి వర్గంలో 12 మంది, రెండవ వర్గంలో 10 మంది. మూడవ వర్గంలో ఒక్కరే. చికిత్సకు పట్టిన సమయం కూడా తగ్గింది. మామూలు పద్ధతిలో సగటున 78 నిమిషాలు, శ్రద్ధతో 67 నిమిషాలు, సమ్మోహన విశ్రాంతితో 61 నిమిషాలు పట్టింది. రోగితో మాట్లాడుతూ కూర్చుంటే కాలం వృథా అవుతుందన్న వాదానికి ఈ అంకెలే సమాధానం. రోగి శాంతంగా ఉన్నప్పుడు అతనిని సముదాయించడానికి, మందులిచ్చి కోలుకునేదాకా వేచి ఉండడానికి మాటిమాటికీ పని ఆపవలసిన అవసరం ఉండదు. 2002లో లాంగ్, ఆమె సహచరుడు ప్రచురించిన మరొక అధ్యయనంలో ఖర్చును కూడా లెక్కవేశారు. మందులతో మాత్రమే శాంతపరిచినప్పుడు సగటున 638 డాలర్లు కాగా, సమ్మోహన విశ్రాంతిని జోడించినప్పుడు 300 డాలర్లు అయినట్లు అందులో తేలింది.

మాట మేలు చేయగలిగితే కీడు కూడా చేయగలదు. ఈ రెండవ పార్శ్వాన్ని కూడా లాంగ్ బృందం విడిచిపెట్టలేదు. చికిత్సల సమయంలో తీసిన వీడియోలను పరిశీలించి, సిబ్బంది రోగితో ఏ మాటలు అన్నారు, ఆ తరువాత రోగికి ఎలా అనిపించింది అనే విషయాన్ని విశ్లేషించారు. 2005లో వెలువడిన ఆ పరిశీలన ఒక విచిత్రమైన సంగతిని బయటపెట్టింది. నొప్పి, మంట వంటి అప్రియమైన మాటలతో ముందుగా హెచ్చరించినప్పుడు రోగుల నొప్పీ, ఆందోళనా రెండూ హెచ్చాయి. బాధ కలిగిన తరువాత అటువంటి మాటలతోనే సానుభూతి చూపినప్పుడు నొప్పి పెరగలేదు గాని ఆందోళన పెరిగింది. మన ఆసుపత్రులలో సూది వేసేముందు “కాస్త మంటగా ఉంటుంది, ఓర్చుకోండి” అని చెప్పడం పరిపాటి. చెప్పేవారి ఉద్దేశం మంచిదే. కానీ వినేవారి చెవిలో మిగిలేది మంట అనే మాటే. “భయపడకండి” అన్నప్పుడు కూడా భయమే ముందుగా తలపుకు వస్తుంది. “ఇప్పుడు మందు ఇస్తున్నాను, ఆ చోటు కాసేపట్లో తిమ్మిరెక్కుతుంది” అని చెప్పినా అది అబద్ధం కాదు. సత్యాన్ని దాచడం ఇక్కడి కర్తవ్యం కాదు; సత్యాన్ని ఏ మాటతో చెప్పాలన్నదే విచారణీయం. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత ఆసుపత్రి గదికి కూడా వర్తిస్తుంది.

2006లో ప్రచురితమైన మరో పరీక్షలో, రొమ్ములో గడ్డ కనిపించగా సూదితో ముక్క తీసి పరీక్షించవలసి వచ్చిన 236 మంది స్త్రీలు పాల్గొన్నారు. ఈ స్త్రీలకు సూది నొప్పికంటె రాబోయే ఫలితం గురించిన దిగులే ఎక్కువ. మామూలు పద్ధతిలో వారి ఆందోళన చికిత్స సాగినకొద్దీ పెరిగింది. సానుభూతితో కూడిన శ్రద్ధ పొందినవారిలో అది మారలేదు. సమ్మోహన విశ్రాంతి పొందినవారిలో మాత్రం తగ్గింది. ఆసుపత్రిలో పడుకోనక్కరలేకుండా ఆనాడే ఇంటికి వెళ్లిపోయే రోగులకు కూడా ఈ పద్ధతి ఉపయోగపడుతుందని ఇందువల్ల తేలింది.

ఇంతవరకు వచ్చిన ఫలితాలన్నీ ఆశించినవే. ఆశించని ఫలితం 2008లో వచ్చింది. కణితులకు రక్తప్రసారాన్ని ఆపడం, వేడితో వాటిని కాల్చివేయడం వంటి చికిత్సలు పొందిన 201 మందిని పూర్వంలాగానే మూడు వర్గాలుగా విభజించారు. సమ్మోహన విశ్రాంతి పొందిన 66 మందిలో 8 మందికి మాత్రమే చికిత్స సమయంలో ప్రతికూల ఘటనలు ఎదురయ్యాయి. మామూలు పద్ధతిలోని 70 మందిలో 18 మందికి ఎదురయ్యాయి. ఇక సానుభూతితో కూడిన శ్రద్ధ మాత్రమే పొందిన 65 మందిలో ఏకంగా 31 మందికి అటువంటి ఘటనలు సంభవించాయి. దయ చూపినవారి పక్షాన ఫలితం మామూలు పద్ధతికంటె అధమంగా ఉంది! పరిశోధకులు ఈ సంగతిని కప్పిపుచ్చలేదు. ఫలితాన్ని ఉన్నదున్నట్లు ప్రకటించారు. రోగి దృష్టిని బయటివారి వైపు మళ్లించి, తన బాధను తాను ఎదుర్కొనే ఉపాయాన్ని నేర్పకుండా విడిచిపెడితే, అతనికి ఉన్న సహజమైన నిబ్బరం కూడా చెదరవచ్చునని వారు భావించారు. ఓదార్చడం వేరు, ఓర్చుకునే నేర్పును ఇవ్వడం వేరు.

ఈ పరాజయం లాంగ్ కృషికి మచ్చ కాదు. దానికి అదే నిజమైన బలం. సమీకృత వైద్యం పేరిట నేడు ఎన్నో పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. 2014లో మన దేశంలో ఆయుష్ విభాగం ప్రత్యేక మంత్రిత్వశాఖ అయింది. అదే సంవత్సరం అమెరికాలో ప్రత్యామ్నాయ వైద్యాన్ని పరిశీలించే జాతీయ కేంద్రం తన పేరులో ‘సమీకృత’ అనే పదాన్ని చేర్చుకుంది. సంప్రదాయమైనంత మాత్రాన ఒక పద్ధతిని తిరస్కరించడం శాస్త్రం కాదు. సంప్రదాయమైనంత మాత్రాన నమ్మడమూ శాస్త్రం కాదు. కొత్త మందును ఎలా పరీక్షిస్తామో, మాటనూ అలాగే పరీక్షించాలి. మందుకు మోతాదు ఉన్నట్లే మాటకూ మోతాదు ఉంటుంది. మందుకు దుష్ఫలితాలు ఉన్నట్లే మాటకూ ఉంటాయి. మంచి మనసుతో అన్నామన్నది వాటికి మినహాయింపు కాదు. మాట కూడా మందే అని అంగీకరించిననాడు ఈ నియమాలన్నింటినీ అంగీకరించవలసి ఉంటుంది.

ఈ పద్ధతికి ఉన్న హద్దులను కూడా గుర్తించాలి. సమ్మోహన విశ్రాంతి కణితిని కరిగించదు, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరవదు. ఆ పని వైద్యుని చేతిలోని సాధనాలే చేయాలి. పరీక్షలలో పాల్గొన్నవారికి మందులు నిరాకరించలేదన్నది మరువరాదు. మాట మందుకు పోటీ కాదు, తోడు. అయినప్పటికీ ఆ తోడు ప్రయోజనం రోగి సుఖంతోనే ఆగదు. చిత్రం నాణ్యత వరకు సాగుతుంది. ఎం.ఆర్.ఐ. యంత్రం ఇరుకైన సొరంగం వంటిది. దడదడమని పెద్ద శబ్దం చేస్తుంది. అందులో చాలాసేపు కదలకుండా పడుకోవాలి. మూసిన చోటంటే భయపడేవారు మధ్యలోనే బయటికి వచ్చేస్తారు. కొందరు భయంతో కదులుతారు. కదిలితే చిత్రం చెదురుతుంది. చెదిరిన చిత్రం నుండి రోగనిర్ణయం చేయడం కష్టమవుతుంది. అనగా రోగి మనసు కుదుటపడనిదే అతి ఖరీదైన యంత్రం కూడా తన పని తాను చేయలేదు. లాంగ్ తరువాతి కాలంలో ఇటువంటి గదులలో పనిచేసే సాంకేతిక సిబ్బందికి, నర్సులకు మాట్లాడే పద్ధతిలో శిక్షణనివ్వడంపై దృష్టి నిలిపారు.

చీకటి గదిలో చిత్రాలు చదివే విద్యగా మొదలైన రేడియాలజీ, రక్తనాళాలలోనికి ప్రవేశించి చికిత్స చేసే విద్యగా ఎదిగింది. ఆ చికిత్స పొందుతున్న మనిషి మేలుకుని ఉన్నాడనీ, మన మాటలు వింటున్నాడనీ గుర్తు చేయడమే ఎల్విరా లాంగ్ చేసిన పని. ఆమె తన శాస్త్రాన్ని వదలి మరొక దారి పట్టలేదు. తన శాస్త్రానికి ఉన్న కొలమానాలతోనే మాటను కొలిచారు. ఫలితం అనుకూలంగా వచ్చినప్పుడు చెప్పినట్లే, ప్రతికూలంగా వచ్చినప్పుడూ చెప్పారు. నేడు జీవశాస్త్రం చదువుతున్న విద్యార్థులలో కొందరు రేపు వైద్యులో, నర్సులో, స్కానింగు గదిలో సాంకేతిక నిపుణులో అవుతారు. తక్కినవారు ఏదో ఒకనాడు రోగి పక్కన బంధువుగా నిలబడతారు. అప్పుడు వారి నోట వెలువడే ప్రతి మాటా రోగి శరీరాన్ని తాకుతుంది. మాటను ఆచితూచి వాడడం మర్యాద మాత్రమే కాదు, వైద్యంలో ఒక భాగం.

కఠిన పదాలు – అర్థాలు

అస్థిపంజరం = ఎముకల గూడు
అంచెలంచెలుగా = క్రమక్రమంగా
మహోపకారం = గొప్ప మేలు
మోతాదు = మందు తీసుకోవలసిన పరిమాణం
సమీకృతం = ఒకటిగా కూర్చినది
సమ్మోహనం = ఏకాగ్రతతో కూడిన ప్రత్యేక మానసిక స్థితి, హిప్నాసిస్
ఐంద్రజాలికుడు = ఇంద్రజాలం చేసేవాడు, గారడీవాడు
దాసోహం = పూర్తిగా లొంగిపోవడం
పార్శ్వం = పక్క, వైపు
పరిపాటి = అలవాటు, వాడుక
విచారణీయం = ఆలోచింపదగినది
అధమం = తక్కువైనది, హీనమైనది
నిబ్బరం = ధైర్యం, స్థైర్యం
కొలమానం = కొలిచే సాధనం

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. 2000లో వెలువడిన పరీక్షను ఎలా నిర్వహించారు? దాని ఫలితాలను విశదీకరించండి.
2. “మాట కూడా మందే” అనే శీర్షిక ఈ పాఠానికి ఎలా తగినదో సమర్థించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. చార్లెస్ డాటర్ చేసిన చికిత్స రేడియాలజిస్టు పనిని ఎలా మార్చింది?
2. సమీకృత వైద్యం అంటే ఏమిటి?
3. సమ్మోహనం గురించి ప్రజలలో ఉన్న అపోహ ఏమిటి? వాస్తవం ఏమిటి?
4. 2008లో వచ్చిన ఫలితం పరిశోధకులను ఎందుకు ఆలోచింపజేసింది?

III. ఈ క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఓదార్చడం వేరు, ఓర్చుకునే నేర్పును ఇవ్వడం వేరు.
2. మాట మందుకు పోటీ కాదు, తోడు.
3. చూసే వైద్యుడు చికిత్స చేసే వైద్యుడైనాడు.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. రాంట్‌జెన్ తాను కనుగొన్న కిరణాలకు ‘ఎక్స్’ అని ఎందుకు పేరు పెట్టారు?
2. జేమ్స్ ఎస్డేల్ మన దేశంలో ఎక్కడ పనిచేశారు?
3. డాక్టర్ కాకర్ల సుబ్బారావు ఏ సంస్థకు సంచాలకులుగా పనిచేశారు?

V. భాషాంశాలు
1. విడదీసి సంధి పేరు రాయండి: మహోపకారం, విద్యార్థి, శరీరాంతర్భాగం.
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: మూడు వర్గాలు, ఇష్టాయిష్టాలు, రోగి భయం.
3. మీ ప్రాంతంలో మాట విలువను తెలిపే సామెతలను ఐదింటిని సేకరించి, వాటి అర్థాలను రాయండి.